తోలు వాషరు

మా నాయన 2023లో చనిపోయాడు. దినాలు అయిపోయినాక ఆయన మంచం కింద ఉన్న గోనెసంచి బయటికి లాగాను. ఒక ఆరె, ఒక రంపె, పిడి అరిగిన గూటం, పైపు రెంచి, నాలుగు స్పానర్లు, తుప్పు పట్టిన నాజిలు ఒకటి, ఎద్దు మెడ పట్టెడ ముక్కలు రెండు. ఆరె, రంపె మా తాతవి. స్పానర్లు మా నాయనవి. నావంటూ ఆ సంచిలో ఏమీ లేవు. నేను బడి పంతుల్ని.

రాజుల చరిత్రకు శాసనాలు ఉంటాయి. రెడ్ల చరిత్రకు దానపట్టాలు, కరణాల లెక్కలు ఉంటాయి. మాదిగ ఇంటి చరిత్ర ఈ గోనెసంచే. దాన్ని ముందేసుకుని ఇది రాస్తున్నాను.

ఈ మధ్య సభల్లో, పత్రికల్లో ఒక మాట బాగా వినపడతా ఉంది. యంత్రాలన్నీ వాటంతటవే నడుస్తున్నాయి, కార్మికుడికి చేతి పని మరుపొస్తోంది, యంత్రం చెడిపోతే విప్పి చూసే వాడే లేడు అని. నిజమే. కానీ మా వాడలో ఇది కొత్త ముచ్చట కాదు. మా ఇంట్లోనే మూడు తరాల్లో మూడుసార్లు చేతి పని పోయింది. మూడుసార్లూ ఎవరూ ‘నైపుణ్యం పోయింది’ అని బాధపడలేదు. మా చేతిలో ఉన్నంత కాలం దాన్ని నైపుణ్యం అన్న వాళ్ళు లేరు గనక. కులవృత్తి అన్నారు. కులవృత్తి పోతే మంచిదేగా అన్నారు.

మాది పెన్నకు ఉత్తరాన, కాలవ చివరి ఊరు. తూర్పున బకింగ్‌హామ్ కాలవ, అది దాటితే ఇసక దిబ్బలు, సరుగుడు తోపులు, సముద్రం. పల్లపు కయ్యలకు పెన్న నీళ్ళొచ్చేవి. మిట్ట మీద మిరప తోటలకు, నారుమళ్ళకు మాత్రం బావులే దిక్కు. ఆ బావుల మీద కపిలలుండేవి. ఈ తరం పిలకాయలకు కపిల అంటే తెలియదు గనక చెప్తున్నాను. బావి గట్టున గిలక. దాని మీంచి మోకు. మోకు కొసన పెద్ద తోలు బాన. రెండెడ్లు వాలులో దిగుతుంటే బాన పైకొస్తుంది. బాన అడుగున తోలు తొండం ఒకటి ఉంటుంది. దానికి వేరే సన్న తాడు, కింద వేరే గిలక. బాన నీళ్ళలో ఉన్నంతసేపూ, పైకొచ్చేటప్పుడూ ఆ తాడు తొండాన్ని పైకి మడిచి పట్టుకుంటుంది. గట్టు మీదికి రాగానే తొండం దానంతటదే తొట్టిలోకి వాలి నీళ్ళు కుమ్మరిస్తుంది. మనిషి చెయ్యి పెట్టి వంచే పని లేదు. ఒక్కో బానకు ముప్పై నలభై గాలన్ల నీళ్ళు. దానంతటదే నడిచే యంత్రాల గురించి ఇవాళ సెమినార్లు పెడుతున్నారే, మా తాత కుట్టిన తొండం చేసిన పని ఏంది మరి?

రెండు తాళ్ళ పొడవూ కుదరాలి. తొండం కోత కుదరాలి. ఒక వేలెడు తేడా వస్తే నీళ్ళు దోవలోనే కారిపోతాయి, లేదా తొండం వాలకుండా బాన గిలకకు కొట్టుకుంటుంది. మా తాత కొలబద్ద ముట్టిన మనిషి కాదు. జానతో, బెత్తెతో, కంటితో కొలిచేవాడు. ఏ ఎద్దు తోలులో వీపు భాగం యాడికి, పొట్ట భాగం యాడికి అని ఆయనకు తెలుసు. సున్నం ఎన్నాళ్ళు, తంగేడు చెక్క ఎన్నాళ్ళు, లందలో తోలు ఎప్పుడు తిప్పాలో వాసన చూసి చెప్పేవాడు. వారుతో కుట్టి, కుట్టు మీద ఆముదం, కొవ్వు పట్టించేవాడు. నీటి బొట్టు కారేది కాదు.

గిలక చేసిన వడ్రంగికి, ఇరుసు చేసిన కమ్మరికి ‘ఆచారి’ అని పిలుపుండేది. వాళ్ళకూ కష్టం ఉంది, కాదనను. బాన కుట్టిన మా తాతకు మాత్రం ‘ఒరే మాదిగోడా’ అనే పిలుపు. విచిత్రం చూడండి. మా తాత కుట్టిన తోల్లోంచి వచ్చిన నీళ్ళతో పండిన మిరపకాయ దేవుడికి పనికొస్తుంది. ఆ నీళ్ళు రెడ్డి ఇంట్లో తాగడానికి పనికొస్తాయి. మా తాత మాత్రం ఆ బావి మెట్టు ఎక్కకూడదు. కుట్టు పోతే బాన విప్పి గట్టు అవతల పడేసేవాళ్ళు. అక్కడే కూర్చుని కుట్టి అక్కడే పెట్టి రావాలి. దీనికి కూలి లేదు. ఏడాదికోసారి కల్లంలో మేర. వాళ్ళు పెట్టిందే మేర.

1900 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఉండేవాడు. మన నెల్లూరు అప్పట్లో ఆ ప్రెసిడెన్సీ జిల్లానే. నీళ్ళు తోడే సాధనాల మీద ఆయన పరీక్షలు చేసి రాశాడు. 1903లో మద్రాసులో క్రోమ్ తోలు ప్రయోగాలు మొదలుపెట్టాడు. కపిల బానలకు నీళ్ళలో నాని తొందరగా చీకిపోని తోలు తయారుచెయ్యాలనేది ఆ ప్రయోగాల్లో ఒక ఉద్దేశం. బావుల మీద ఆయిలింజన్లు పెట్టించాలని తిరిగిందీ ఆయనే. అంటే తోలుకూ, ఇంజనుకూ మన దేశంలో చుట్టరికం పాతదే. కానీ ఆ చరిత్రలో చాటర్టన్ పేరుంది. మద్రాసు నుంచి లండనుకు తోళ్ళు ఎగుమతి చేసిన వర్తకుల పేర్లున్నాయి. లందలో కాళ్ళు పెట్టిన వాళ్ళ పేర్లు లేవు.

మా ఒక్క కులం మాటే కాదు. దిబ్బల్లో దొరువు తవ్వడం ఒక విద్య. ఇసకలో మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతుంటాయి. ఒక మూర ఎక్కువ తవ్వితే ఉప్పు పైకొస్తుంది. ఎంతవరకు తవ్వాలో మాలపల్లె పెద్దలకు, యానాదులకు కాలికి తగిలే తేమను బట్టి తెలిసేది. బకింగ్‌హామ్ కాలవలో ఉప్పు, సరుగుడు కట్టెలు వేసుకుని మద్రాసు పోయే పడవల్ని గడతో తొయ్యడం, తాడుతో లాగడం ఇంకో విద్య. 1965, 1966 తుపాన్లకు కాలవ దెబ్బతినింది. లారీలొచ్చాయి. పడవలు దిబ్బలెక్కాయి. పడవ మనుషులు కూలికి పోయారు. ఏ రికార్డులోనైనా వాళ్ళను ‘పని తెలిసిన కార్మికులు’ అని రాశారా?

ఇక మా నాయన కథ. ఆయన పుట్టింది 1944. ఆయన ఆరె పట్టే నాటికి ఊళ్ళో ఆయిలింజన్లు దిగుతున్నాయి. కపిలలు ఒక్కొక్కటే మూలపడ్డాయి. మా తాతకు పని తగ్గింది, దాంతో మేరా తగ్గింది. మొదటిసారి పని పోయింది అప్పుడే.

ఇంజను కొట్టంలోకి మా నాయనను పంపింది ఒక తోలు ముక్క. బావిలోకి దిగే పైపు కొసన ఫుట్‌వాల్వు ఉంటుంది. అందులో తోలు బిళ్ళ. అది అరిగితే నీళ్ళు నిలవవు, పంపు గాలి పీలుస్తుంది. నెల్లూరు నుంచి వచ్చిన మెకానిక్కుకు ఇంజను తెలుసు, తోలు తెలియదు. ‘మాదిగోణ్ణి పిలిపించండి’ అన్నాడు. మా నాయన బిళ్ళ కోసి ఇచ్చాడు. ఇచ్చి ఊరికే రాలేదు. గోడ పక్కన కూర్చుని మెకానిక్కు చేతుల్ని చూశాడు. అట్టా మూడేళ్ళు చూశాడు. బడికి పోని మనిషి ఇంజను చదువు చూపుతో నేర్చాడు.

హ్యాండిలు తిప్పుతూ చెవి నాజిలు దగ్గర పెట్టేవాడు. డీజిలు సరిగా అందుతుంటే నాజిలు కీచుమని కూస్తుంది. కూత రాలేదంటే లైనులో గాలి ఉన్నట్టు. నట్టు వదులు చేసి గాలి వదిలేవాడు. కర్రముక్క ఒక కొస ఇంజనుకు, ఒక కొస చెవికి ఆనించి ఏ బేరింగు పోతుందో చెప్పేవాడు. ట్యాపెట్టు సందులో పోస్టుకార్డు ముక్క దూర్చి చూసేవాడు. పొగ రంగు చూసి జబ్బు చెప్పేవాడు. రాత్రి వాడలో పడుకుని, దూరంగా ఇంజను ఆడుతుంటే, ‘ఫలానా వాళ్ళది మిస్ కొడుతుండాది, పొద్దున కబురొస్తది’ అనేవాడు. కబురొచ్చేది.

అయినా ఏం లాభం? నెల్లూరు మెకానిక్కు వస్తే కుర్చీ, గాజుగ్లాసులో కాఫీ, చేతిలో నోటు. మా నాయన అదే పని చేస్తే కాఫీ చూరులో దోపిన సత్తు గ్లాసులో. దాన్ని ఆయనే కడిగి మళ్ళీ దోపాలి. కూలి అడిగితే, ‘నీకు కూలేందిరా, కల్లంలో మేర తీసుకుంటుండావు గదా’ అనేవాళ్ళు. కపిల పోయినా కపిల నాటి మేర పోలేదు. ఇంజను పనిని కూడా ఆ మేరలోనే కలిపేశారు. యంత్రం వస్తే కులం పోతుందన్న వాళ్ళందరూ ఈ ఒక్క లెక్క చెప్పాలి. యంత్రం వచ్చింది. మా నాయన దాన్ని నేర్చాడు. ఆయన మెకానిక్కు కాలేదు. ఇంజను బాగుచేసే మాదిగోడు అయ్యాడు.

చేతిపంపులొచ్చినాక ఇది ఇంకా బాగా తెలిసింది. 1977 ప్రాంతంలో తయారైన ఇండియా మార్క్ టూ పంపు 1980లలో ఊరూరా దిగింది. దాని సిలిండర్లో నీళ్ళను పైకి లాగేది గిన్నె ఆకారపు తోలు వాషరు. మా ఊరి నడిబొడ్డున రామాలయం పక్కన ఒకటి వేశారు. అది చెడితే మా నాయన కావాలి. పైపులు పైకెత్తి, పాత వాషరు తీసి, కొత్తది నూనెలో నానబెట్టి ఎక్కించేవాడు. ఎక్కించినాక నీళ్ళొస్తున్నాయో లేదో చూడటానికి రెండు మూడు బాదులు బాదేవాడు. ఆయన ఆ పంపు కొట్టేది ఆ మూడు బాదులే. ఆయన దిగిపోయినాక పసుపునీళ్ళు చల్లి పంపు కడిగేవాళ్ళు. మా అమ్మ బిందె తీసుకుని పోతే దూరంగా నిలబడి, ఎవరైనా దయతలిచి పోసేదాకా కాచుకోవాలి. భర్త బాగుచేసిన పంపును భార్య ముట్టకూడదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారే, ఆ గొడవ మొదలైందీ మంచినీళ్ళ చెరువు దగ్గరే. ఆ వార్త రేడియోలో విని మా నాయన ఆ వారం పంపు బాగుచేయడానికి పోలేదు. ఒళ్ళు బాగలేదని కబురు పంపాడు. ఆయన చేసిన సమ్మె అదొక్కటే.

నేను పని నేర్చుకుంటానంటే ఆయన ఒప్పుకోలేదు. ఎనిమిదో తరగతిలో ఒకసారి ఆరె పట్టుకున్నాను. చేతి మీద కొట్టాడు. ‘పుస్తకం పట్టుకో. ఇది పట్టుకుంటే కులం అంటుకుంటది’ అన్నాడు. ఆయన తప్పు చేశాడని నేను అనను. ఆ చేతుల మీద పడ్డ మాటలు ఆయనకు తెలుసు. కానీ ఆ రోజు ఆయన నా చేతిలోంచి లాక్కున్న వాటిలో కులం ఉంది, చదువూ ఉంది. రెండూ ఒకే పిడికి అంటుకుని ఉన్నాయి. కులాన్ని గీకేసి చదువును ఉంచుకునే దారి మాకెవరూ చూపలేదు.

ఆయిలింజన్లకు చివరి వెలుగు రొయ్యల గుంటలతో వచ్చింది. 1990ల మొదట్లో క్రీకుల పక్కన కయ్యలు గుంటలయ్యాయి. ఉప్పునీళ్ళు తోడటానికి రాత్రీ పగలూ ఇంజన్లు ఆడాయి. మా నాయనకు మొట్టమొదటిసారి మేర కాకుండా చేతిలో డబ్బు పడింది. ఆ డబ్బుతోనే నా డిగ్రీ అయింది. ఇది కూడా రాయాలి. ఆయన ఆడించిన ఇంజన్లు తోడిన ఉప్పునీళ్ళే మా దొరువుల్లోకి ఊరాయి. మా వాడ తాగే నీళ్ళు పాడయ్యాయి. 1994, 95ల్లో తెల్లమచ్చ తెగులుతో గుంటలు పోయాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల సాగు మీద తీర్పిచ్చింది. ఇంజన్లు మళ్ళీ మూలపడ్డాయి. దొరువుల్లో ఉప్పు మాత్రం మిగిలింది.

తర్వాత కరెంటు మోటార్లు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. బోరులో దించే సబ్‌మెర్సిబుల్ మోటారుకు మూత తీసి చూసే వీలు లేదు. కాలిపోతే టౌనుకు మోసుకుపోవడమే. చేతిపంపులో తోలు పోయి రబ్బరు వాషరు వచ్చింది. అది తోలు కంటే ఎక్కువ కాలం మన్నుతుంది. మంచి మార్పే. మా నాయన కూడా రబ్బరు ముక్క వేళ్ళతో నలిపి చూసి, ‘బాగుండాది’ అన్నాడు. అని సంచి మూతి కట్టాడు. రెండోసారి పని పోయింది అప్పుడే. 2009 తర్వాత వన్నామి రొయ్యతో గుంటలు మళ్ళీ నిండాయి. గాలి తిప్పే ఫ్యాన్లొచ్చాయి, ఫోనులో నొక్కితే ఆడే స్టార్టర్లొచ్చాయి. గుంట దగ్గర మా వాళ్ళకు మిగిలింది మేత మూటలు మొయ్యడం, రాత్రి కాపలా.

మూడోది నా కొడుకు కాలం. వాడు ఐటీఐ ఫిట్టరు. 2008లో కృష్ణపట్నం ఓడరేవు మొదలైంది. నేలటూరు దగ్గర థర్మల్ కేంద్రం లేచింది. 800 మెగావాట్ల యూనిట్లు మొదట రెండు, 2022లో మూడోది. దానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. 1960 నుంచి 1962 దాకా ముఖ్యమంత్రిగా చేసిన తొలి దళితుడు. ఆ బోర్డు చూసి మా నాయన బస్సులోంచే దణ్ణం పెట్టాడు. నా కొడుక్కి పని దొరికింది అక్కడ కాదు, ఆ చుట్టుపక్కల ఇంకో కంపెనీలో, కాంట్రాక్టరు కింద. కంపెనీ పేరు అనవసరం.

వాడి పనేందంటే కన్వేయరు బెల్టు పక్కన నడవడం, ఎర్రలైటు వెలిగితే ఫోను చెయ్యడం. మిగతా అంతా కంట్రోలు రూములో కంప్యూటరు చూసుకుంటుంది. బేరింగు వేడెక్కితే సెన్సారు చెబుతుంది. విప్పాలంటే తయారుచేసిన కంపెనీ మనిషి రావాలి. ఒకసారి వాడు, ‘నాయనా, లైటు వెలగక ముందే శబ్దంలో తేడా వినపడింది’ అని సూపర్‌వైజరుకు చెప్పాడంట. ‘శబ్దాలు వినడానికి కాదు నిన్ను పెట్టింది’ అన్నాడంట. ఆ మాట విని మా నాయన చాలాసేపు మాట్లాడలేదు. ‘వాడికి చెవి వచ్చింది’ అన్నాడు చివరికి.

హ్యారీ బ్రేవర్‌మన్ అనే అమెరికన్ మొదట రాగిపని కార్మికుడు. 1974లో రాసిన పుస్తకంలో ఆయన ఒక సంగతి తేల్చాడు. యాజమాన్యం పనిలోని ఆలోచనను కార్మికుడి దగ్గర్నుంచి తీసి తన గుప్పిట్లో పెట్టుకుంటుందని. 1983లో లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే పరిశోధకురాలు ఇంకో సంగతి చెప్పింది. పనంతా యంత్రానికిచ్చి, అది చెడినప్పుడు ఆదుకోమని మనిషిని నిలబెడతారు, రోజూ చెయ్యని పని ఆ రోజు చేతికి ఎట్టా వస్తుందని. ఇద్దరి మాటా నిజమే. మన దేశంలో దానికి ఇంకొకటి కలపాలి. ఇక్కడ తలనూ చేతినీ వేరుచేసింది ఫ్యాక్టరీ కాదు. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే కులం వేరుచేసి పెట్టింది. పని చేసే వాడికి చదువు లేకుండా, చదివే వాడికి పని అంటకుండా కట్టడి చేసింది. ఫ్యాక్టరీ వచ్చి సిద్ధంగా ఉన్న గీత మీదే గోడ కట్టుకుంది.

2021 నవంబరులో పెన్న పొంగింది. సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. మా కాలనీలో నాలుగు రోజులు కరెంటు లేదు. వాటర్ ట్యాంకు మోటారు ఆడలేదు. చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. కాలనీ కొసన ఎప్పుడో వేసిన చేతిపంపు ఒకటుంది. బాదితే గాలి తప్ప ఏమీ రాలేదు. ఐటీఐ చదివిన పిలకాయలు, డిప్లొమా వాళ్ళు, ఒక బీటెక్ అబ్బాయి చుట్టూ నిలబడ్డారు. ఎవరికీ అది లోపల ఎట్టా ఉంటుందో తెలియదు. నేనూ అందులోనే ఉన్నాను.

మా నాయనకు అప్పుడు డెబ్బై ఏడు. కుర్చీ తెచ్చి పంపు పక్కన వెయ్యమన్నాడు. ఆ ఊళ్ళో పంపు దగ్గర ఆయన కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ‘ముందు తల విప్పండి. గొలుసు తియ్యండి. క్లాంపు బిగించకుండా పైపు వదిలారంటే బోరులో పడిపోద్ది’ అని ఒక్కో పని చెప్పాడు. ఆరు పైపులు పైకొచ్చాయి. వాషరు పెళుసెక్కి ముక్కలై ఉంది. అంగళ్ళు లేవు, దారులు లేవు. సంచిలోంచి పట్టెడ తోలు తీయించాడు. చేతులు వణుకుతున్నాయి, కోత తిన్నగా పోలేదు. రంపె మనవడి చేతికిచ్చి, వాడి చెయ్యి మీద తన చెయ్యి పెట్టి కోయించాడు. మొదటిది పాడయింది. రెండోది పాడయింది. మూడోదాన్ని నానబెట్టి, కర్రమొద్దు మీద గిన్నెలా వంచి, కట్టి, పొయ్యి సెగన ఆరబెట్టి, ఆముదం పట్టించారు. మరుసటి రోజు మధ్యాన్నానికి పంపు నీళ్ళు పోసింది. మూడు రోజులు ఆ నీళ్ళే తాగాం. ఊళ్ళో నుంచి కూడా బిందెలొచ్చాయి. ఆ రోజు ఎవరూ పసుపునీళ్ళు చల్లలేదు.

ఈ సంగతి చెప్పి పాత రోజులే మేలని నేను అనడం లేదు. లంద కంపులోకి మా పిల్లల్ని తిరిగి పొమ్మని ఎవడైనా అంటే చెప్పు తెగుద్ది. ఆ చెప్పు కుట్టిందీ మేమే. నేను అడిగేది వేరు. కపిల పోయింది, ఇంజను పోయింది, ఇప్పుడు కంట్రోలు రూములు వచ్చాయి. తెలివితో చేసే పనులన్నీ మా చేతిలోంచి ఒక్కొక్కటే యంత్రం తీసుకుంది. మురిక్కాలవ పని మాత్రం మాకే ఉంచారు. చేత్తో మలం ఎత్తే పని మీద 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం చేశారు. 2018లో కేరళలో మ్యాన్‌హోలు శుభ్రం చేసే రోబోను దించారు. ఆ తర్వాత కూడా మనవాళ్ళు మ్యాన్‌హోళ్ళలో చచ్చిపోతూనే ఉన్నారు. యంత్రం ఏ పనికి ముందొస్తుందో, ఏ పనికి ఎప్పటికీ రాదో నిర్ణయించేది సైన్సు అని చెప్తే ఎట్టా నమ్మేది?

విద్యార్థులకు, ఉద్యమంలో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక్క మాట. మన చరిత్రను తిట్లతోనూ, దెబ్బలతోనూ మాత్రమే రాస్తే సగమే రాసినట్టు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇంకా ఉంటే వాళ్ళ దగ్గర కూర్చోండి. ఏం చేశారని కాదు, ఎట్టా చేశారని అడగండి. కొలతలు రాసుకోండి. పనిముట్ల పేర్లు రాసుకోండి. కంపెనీలో పని అడిగేటప్పుడు ఉద్యోగంతో పాటు మూత విప్పి చూసే హక్కునూ అడగండి. కులం పోవాలి. చేతి చదువు పోకూడదు. ఆ రెంటినీ కలిపి ముడేసింది మనం కాదు. విప్పే పని మాత్రం మన మీద పడింది.

గోనెసంచి ఇప్పుడు నా కొడుకు దగ్గర ఉంది. మొన్న సెలవుకొచ్చినప్పుడు ఆ ఆరెకు కొత్త పిడి వేశాడు.